కారు ఏసీ గ్యాస్ ఎక్కడ లీకవుతుందో ఇంటి దగ్గరే పట్టుకోవడం ఎలా, పట్టుకున్నాక ఏం చేయాలి

అన్నిటికన్నా ముందు ఒక మాట చెప్పాలి. కారు ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. అదే గ్యాస్ పైపుల్లో తిరిగి తిరిగి పని చేస్తూ ఉంటుంది, రబ్బరు గొట్టాల గుండా ఏళ్ళ తరబడి కాస్త కాస్త పోవడం మామూలే కానీ ఒక ఎండాకాలం నింపింది మరుసటి ఎండాకాలానికి అయిపోయిందంటే మాత్రం ఎక్కడో చిల్లు ఉన్నట్టే. అందుకని "గ్యాస్ తగ్గింది, కొట్టేద్దాం" అని ఎవరన్నా అంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎక్కడి నుంచి తగ్గింది?" అని. దానికి జవాబు లేకుండా గ్యాస్ కొట్టించుకుంటే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

మాది విజయవాడ, ఇక్కడి మే నెల ఎండల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్, మొదటి ఏడాది ఏప్రిల్‌లో కూలింగ్ తగ్గిందని షాపుకి తీసుకెళ్తే గ్యాస్ కొట్టి పంపారు, రెండో ఏడాదీ అంతే, మూడో ఏడాది మా అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్తుంటే మధ్య దారిలో వేడి గాలి మొదలైంది, ఆవిడ వెనక సీట్లో చెమటలు కక్కుతూ కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. షాపులో రెండుసార్లూ డబ్బు తీసుకున్నారు, ఒక్కసారి కూడా లీక్ ఎక్కడుందో చూడలేదు. ఆ ఆదివారం నేనే బానెట్ ఎత్తి కూర్చున్నా. అప్పుడు నేర్చుకున్నదీ, ఆ తర్వాత చుట్టాల కార్ల మీద చేసిందీ ఇక్కడ రాస్తున్నా.

లీక్ కోసం వెతికే ముందు అసలు అది లీకేనా అని చూస్కోండి, ఎందుకంటే కూలింగ్ రాకపోవడానికి సగం కారణాలకి గ్యాస్‌తో సంబంధమే ఉండదు. గ్లవ్‌బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, దుమ్ముతో అట్ట కట్టి ఉంటే గాలే రాదు. ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి ముందు ఫ్యాన్ తిరుగుతుందా చూడండి, బండి పరిగెడుతుంటే చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కిపోతుంటే మొదటి అనుమానం ఆ ఫ్యాన్ మీదే పెట్టుకోండి. రేడియేటర్ ముందు జాలీలా ఉండే కండెన్సర్ రెక్కల్లో బురద, పురుగులు ఇరుక్కుంటే మామూలు పైపుతో నెమ్మదిగా నీళ్ళు కొట్టి కడగండి, ప్రెషర్ వాష్ దగ్గరగా కొడితే రెక్కలు వంగిపోతాయి. ఇవన్నీ బాగున్నాయి, అయినా రోజు రోజుకీ కూలింగ్ తగ్గుతూ వచ్చింది, గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్‌ని ఇంజన్ బెల్టుకి కలిపే క్లచ్ టక్ మని పడి కాసేపట్లోనే టక్ మని వదిలేస్తూ ఉంది, అప్పుడు గ్యాస్ తక్కువుందని అనుకోవచ్చు. గ్యాస్ మరీ తగ్గితే ప్రెషర్ స్విచ్చో సెన్సరో కంప్రెసర్‌ని అసలు పడనివ్వదు, అది మంచికే, ఆ స్విచ్‌కి వైరు ముక్క పెట్టి బైపాస్ చేసి కంప్రెసర్ నడిపించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. గ్యాస్‌తో పాటే ఆయిల్ తిరుగుతుంది కాబట్టి గ్యాస్ లేకుండా తిరిగిన కంప్రెసర్ ఆయిల్ అందక పట్టేస్తుంది.

ఇంకో సంగతి, మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువ భాగం ఆర్134ఏ అనే గ్యాస్‌తో నడుస్తాయి, బానెట్ కిందో రేడియేటర్ పైపట్టీ మీదో స్టిక్కర్ ఉంటుంది, గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు పట్టుద్దో దాని మీద రాసి ఉంటుంది. ఆ స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. స్టిక్కర్ మీద ఆర్1234వైఎఫ్ అని ఉంటే ఇంట్లో ముట్టుకోకండి, దానికి కొద్దిగా మంట అంటుకునే గుణం ఉంది, కనెక్టర్లు వేరు, ధర కూడా చాలా ఎక్కువ. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లవి కూడా వద్దు, వాటిలో కంప్రెసర్ హై వోల్టేజ్ కరెంటు మీద తిరుగుతుంది, ఆరెంజ్ రంగు కేబుల్ కనిపించిందంటే చెయ్యి వెనక్కి తీసుకోండి.

గ్యాస్ ఎటు నుంచి ఎటు పోతుందో ఒకసారి బుర్రలో పెట్టుకుంటే వెతకడం తేలిక. కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి వేడిగా ముందున్న కండెన్సర్‌కి పంపుద్ది, అక్కడ గాలికి చల్లబడి ద్రవం అవుద్ది, డ్రైయర్ అనే చిన్న డబ్బాలో తేమ వడకట్టుకుని ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్న రంధ్రం గుండా డాష్‌బోర్డు లోపలున్న కూలింగ్ కాయిల్‌లోకి దూరుద్ది, అక్కడ ఆవిరై చల్లదనం ఇచ్చి మళ్ళీ కంప్రెసర్‌కి వస్తుంది. పట్టుకుంటే చల్లగా ఉండే లావు పైపు లో సైడ్, వేడిగా ఉండే సన్న పైపు హై సైడ్. రెండిటి మీదా సైకిల్ ట్యూబు వాల్వ్ లాంటి సర్వీస్ పోర్టులు ఉంటాయి, వాటి మూతల మీద ఎల్ అనీ హెచ్ అనీ అక్షరాలు ఉంటాయి.

ఇక వెతకడం. మొదటి పనిముట్టు మీ కళ్ళే. గ్యాస్ కంటికి కనిపించదు కానీ దాంతో పాటు ఆయిల్ కూడా బయటకొస్తుంది, ఆ ఆయిల్ మీద దుమ్ము పట్టి నల్లగా జిడ్డు మరక కడుద్ది. మంచి టార్చ్ పట్టుకుని పైపు పైపుకీ ఉన్న ప్రతి జాయింటు, కంప్రెసర్ ముందు క్లచ్ చుట్టూ, కండెన్సర్ మూలలు, రబ్బరు గొట్టం అల్యూమినియం పైపుని కలిసే చోట ఉండే నొక్కుడు పట్టీ, పైపు బాడీకి రాసుకునే చోటు, ఇవన్నీ ఒక్కొక్కటీ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకి జిడ్డు అంటిందంటే అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టండి, అప్పుడే తేల్చేయకండి, ఇంజన్ ఆయిల్ కూడా కారి ఉండొచ్చు.

రెండోది గేజ్. ఆర్134ఏ కి సరిపోయే మానిఫోల్డ్ గేజ్ సెట్ (లో సైడ్‌కొకటి, హై సైడ్‌కొకటి గేజ్, నాబ్, గొట్టం, మధ్యలో పసుపు గొట్టం ఉండేది) ఆన్‌లైన్‌లోనూ ఏసీ స్పేర్ పార్టుల షాపుల్లోనూ దొరుకుతుంది. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేయక ముందు, బండి నీడలో ఉన్నప్పుడు పెట్టి చూడండి. బండి ఆగి ఉన్నప్పుడు లోపల ప్రెషర్ బయట వేడిని బట్టే ఉంటుంది, 30 డిగ్రీలప్పుడు సుమారు 97 పీఎస్‌ఐ, 35 కి 114, 40 కి 133 దాకా చూపించాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు, ఆ అంకె సరిగ్గా ఉందంటే గ్యాస్ నిండుగా ఉందని కాదు, లోపల కొంచెం ద్రవం మిగిలున్నా అదే అంకె చూపిస్తుంది. కానీ 35 డిగ్రీల రోజున 50 చూపిస్తే మాత్రం దాదాపు ఖాళీ అయిపోయినట్టు, సున్నా చూపిస్తే లీక్ పెద్దదే. గేజ్ తగిలించేటప్పుడూ తీసేటప్పుడూ కళ్ళద్దాలు, చేతులకి గ్లవ్స్ పెట్టుకోండి. ఈ గ్యాస్ మామూలు గాలి ప్రెషర్ దగ్గర మైనస్ 26 డిగ్రీలకే మరుగుద్ది, ద్రవం చర్మం మీద పడితే మాంసం గడ్డకట్టుద్ది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

మూడోది సబ్బు నీళ్ళు, నా కారు లీక్ దొరికింది దీంతోనే. గిన్నెలు తోమే లిక్విడ్‌లో కొద్దిగా నీళ్ళు కలిపి చిక్కగా చేసి, పిల్లల పెయింటింగ్ బ్రష్‌తో ఒక్కో జాయింటుకీ పూసుకుంటూ వచ్చా, ఫ్యాన్ గాలి లేకుండా, ఇంజన్ ఆఫ్‌లో. జాయింట్లన్నీ అయిపోయాయి, ఏమీ లేదు. చివరికి లో సైడ్ పోర్టు చూస్తే దాని ప్లాస్టిక్ మూతే లేదు, మూడేళ్ళలో ఎవరో గ్యాస్ కొట్టి మూత పెట్టడం మర్చిపోయారు. ఆ పోర్టు నోట్లో ఒక చుక్క సబ్బు నీళ్ళు వేసి అలాగే చూస్తూ కూర్చున్నా. ఒక నిమిషం ఏమీ లేదు, రెండో నిమిషానికి ఆవగింజంత బుడగ, అది మెల్లిగా మిరియపు గింజంత అయ్యింది, ఐదో నిమిషానికి రేగిపండంత అయ్యి టప్పున పగిలింది, మళ్ళీ అడుగు నుంచి ఇంకో ఆవగింజ మొదలైంది. లోపలి వాల్వ్ పిన్ను రబ్బరు అరిగిపోయింది, అంతే. మూడు వేసవులు గ్యాస్ అంతా ఆ బుడగల్లోనే పోయింది. అందుకే చెప్తున్నా, సబ్బు పూసి వెంటనే పక్కకి వెళ్ళిపోకండి, చిన్న లీక్ బుడగ కట్టడానికి టైమ్ పట్టుద్ది, కొన్ని చోట్ల బుడగ కూడా కాదు, పాల మీద నురగలా తెల్లగా మాత్రమే వస్తుంది. ఆ మూత కూడా దుమ్ము కోసం పెట్టింది కాదు, దాని లోపల చిన్న సీల్ ఉంటుంది, పిన్ను కాస్త వదిలినా ఆపేది అదే.

సబ్బుకి దొరకని సన్న లీకులకి యూవీ డై. ఇది ఆయిల్‌లో కలిసే రంగు, ఒక కారుకి 7, 8 మిల్లీలీటర్లు చాలు, లో సైడ్ నుంచి ఎక్కించి వారం పది రోజులు ఏసీ వాడుకుంటూ తిరగాలి, తర్వాత రాత్రి పూట చీకట్లో యూవీ టార్చ్ వేసి పసుపు కళ్ళద్దాల్లోంచి చూస్తే లీక్ దగ్గర పచ్చగా మెరుస్తుంది. వైజాగ్‌లో బీచ్ దగ్గరుండే మా పెదనాన్నగారి అబ్బాయి కారుకి అలా చూశాం, సబ్బుకి ఏమీ తెలియలేదు, రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లైట్లు ఆపేసి టార్చ్ వేస్తే కండెన్సర్ కింద వరసలో మిణుగురు పురుగులు వాలినట్టు నాలుగు చోట్ల మెరిసింది. ఉప్పు గాలికి అల్యూమినియం తినేసింది. సముద్రం పక్క ఊళ్ళలో కండెన్సర్ మీదే ముందు అనుమానం పెట్టుకోవాలి, హైవేల మీద ఎక్కువ తిరిగే బండ్లకి రాళ్ళు తగిలి చిల్లు పడడం కూడా అక్కడే.

కష్టమైంది కూలింగ్ కాయిల్ లీక్, ఎందుకంటే అది డాష్‌బోర్డు కడుపులో ఉంటుంది, కంటికి కనిపించదు. ఏసీ నీళ్ళు కింద కారే సన్న రబ్బరు పైపు ఉంటుంది కదా, డై వేశాక ఆ పైపు చివర యూవీ టార్చ్ వేసి చూడండి, పచ్చగా ఉంటే కాయిలే. ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే బండి ఆపి పావుగంట వదిలేసి, దాని ముక్కుని ఆ డ్రెయిన్ పైపు దగ్గర పెట్టండి, గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి కిందకి దిగుద్ది, ఎక్కడ వెతికినా పైపు కింద వైపే వెతకాలి. కాయిల్ అని తేలితే మాత్రం షాపుకే వెళ్ళండి, చాలా బండ్లలో డాష్‌బోర్డు మొత్తం దించాలి, ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉంటాయి. కంప్రెసర్ షాఫ్ట్ సీల్ కూడా అంతే, దానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. మనం ఇంటి దగ్గర చేసుకోగలిగేవి వాల్వ్ పిన్ను, జాయింట్లలో ఓ-రింగులు అనే గుండ్రటి రబ్బరు సీళ్ళు, కాస్త చెయ్యి తిరిగిన వాళ్ళైతే కండెన్సర్.

ఏది విప్పాలన్నా లోపల మిగిలిన గ్యాస్ ముందు తీయాలి, దాన్ని గాల్లోకి వదలకండి. ఒక కిలో ఆర్134ఏ వందేళ్ళలో 1,400 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడి చేస్తుంది, అందుకే ఇలాంటి గ్యాసులు తగ్గించాలని 2016లో కిగాలీలో ఒప్పందం అయితే 2021లో మన దేశం కూడా దానికి ఆమోదం తెలిపింది. రికవరీ మెషిన్ ఉన్న షాపులో గ్యాస్ లాగించుకుని, ఏసీ ఆఫ్‌లో పెట్టి ఇంటికి తెచ్చుకోండి. ఎంత గ్యాస్ వచ్చిందో మెషిన్ గ్రాముల్లో చూపిస్తుంది, అది రాసుకుంటే ఎంత లీకయ్యిందో కూడా తెలిసిపోద్ది.

వాల్వ్ పిన్ను మార్చడం ఐదు నిమిషాల పని, పిన్ను విప్పే చిన్న స్క్రూడ్రైవర్‌తో తీసి కొత్తది బిగించడమే, మరీ గట్టిగా బిగించకూడదు. టైరు ట్యూబుది చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ అది వేయకండి, దాని రబ్బరు ఈ గ్యాస్‌కీ ఈ ప్రెషర్‌కీ చేసింది కాదు. పాతది తీసుకెళ్ళి కారు ఏసీ స్పేర్స్ షాపులో దానికి జోడీ అడగండి, నాకు పిన్ను, మూత కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. ఓ-రింగులైతే ఏసీకని అమ్మే ఆకుపచ్చ రంగువి తీసుకోండి, మామూలు రబ్బరువి ఈ గ్యాస్‌కీ ఆయిల్‌కీ నిలవవు. జాయింటు విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడాలి, ఒకటి పట్టి ఉంచడానికి, ఒకటి తిప్పడానికి, లేకపోతే అల్యూమినియం పైపు మెలి తిరిగిపోద్ది. కొత్త రింగుకి ఏసీ ఆయిల్ కాస్త రాసి ఎక్కించాలి, టెఫ్లాన్ టేపు, ఎంసీల్ లాంటివి పెట్టొద్దు. విప్పిన పైపు నోళ్ళకి వెంటనే శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, ఈ ఆయిల్ గాల్లో తేమని ఉప్పు పీల్చినట్టు పీలుస్తుంది. కండెన్సర్ మార్చినా, సిస్టమ్ చాలా రోజులు తెరుచుకుని ఉన్నా డ్రైయర్ కూడా మార్చాల్సిందే, పాత కండెన్సర్‌తో పోయిన ఆయిల్‌కి బదులు కొత్త ఆయిల్ కూడా పోయాలి, ఏ గ్రేడు, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది మీ బండి సర్వీస్ మాన్యువల్ చూసి పోయండి.

తర్వాత వాక్యూమ్, అందరూ తొందరపడేది ఇక్కడే. లోపలి గాలి, తేమ పూర్తిగా లాగేస్తేనే ఏసీ సరిగ్గా పని చేస్తుంది, ప్రెషర్ బాగా తగ్గితే తేమ మామూలు వేడికే మరిగి ఆవిరైపోద్ది, అందుకే పంపు కనీసం అరగంట, కండెన్సర్ మార్చి ఉంటే ముప్పావుగంట నడపాలి. పంపు కొనక్కర్లేదు, మీ వీధిలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే అతన్ని అడిగితే ఒక పూటకి ఇస్తాడు, గొట్టాలు మాత్రం మీవే వాడండి, ఆయన గొట్టాల్లో వేరే గ్యాస్, వేరే ఆయిల్ మిగిలుంటాయి. విజయవాడలోనో కాకినాడలోనో అయితే లో సైడ్ గేజ్ ముల్లు సున్నా కిందకి వాక్యూమ్ వైపు 29 అంగుళాలు (పాదరసం లెక్కలో) దాటాలి. హైదరాబాద్ వాళ్ళకి 28 దగ్గరే ఆగిపోద్ది, కంగారు పడకండి, ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైనుంది కాబట్టి అక్కడ గాలి ప్రెషరే తక్కువ. పంపు ఆపేసి నాబ్‌లు మూసి అరగంట చూడండి, ముల్లు కదలకపోతే మంచిదే, కదిలితే ఇంకో లీక్ ఉన్నట్టే. కదలకపోయినా నూటికి నూరు శాతం నమ్మొద్దు, లోపలికి లాగితే మూసుకునే సీల్ బయటకి నెట్టితే తెరుచుకోవచ్చు. ఆ ఫ్రిజ్ మెకానిక్ దగ్గర నైట్రోజన్ సిలిండర్, రెగ్యులేటర్ ఉంటే ఆయన్నే రమ్మని వాక్యూమ్ కన్నా ముందు 150 పీఎస్‌ఐ దాకా నింపించి సబ్బు పూసి చూడడం ఇంకా మేలు. ఆక్సిజన్ మాత్రం ప్రాణం పోయినా ఎక్కించొద్దు, ఆయిల్‌కి తగిలితే పేలుద్ది. టైర్ల గాలి కూడా వద్దు, తేమతో పాటు ఈ గ్యాస్ గాలితో కలిసి ప్రెషర్‌లో ఉంటే మండే ప్రమాదం ఉంది.

గ్యాస్ నింపేటప్పుడు గేజ్ అంకె చూసి కాదు, తూకం వేసి నింపాలి. స్టిక్కర్ మీద 400 గ్రాములుంటే 400 గ్రాములే. వంటింట్లో గ్రాముల తక్కెడ మీద గ్యాస్ డబ్బా పెట్టండి, డబ్బాకి తగిలించిన పసుపు గొట్టంలో గాలిని ఒక్క క్షణం గేజ్ దగ్గర వదిలి, తక్కెడ సున్నా చేసుకోండి. మొదట ఇంజన్ ఆఫ్‌లోనే కొంత వాక్యూమ్‌కి లాక్కుంటుంది. అది ఆగాక హై సైడ్ నాబ్ మూసే ఉందని ఇంకోసారి చూస్కుని ఇంజన్ స్టార్ట్ చేసి, తలుపులు తెరిచి, ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్ పెట్టి, లో సైడ్ నుంచి మాత్రమే కొద్ది కొద్దిగా వదలండి. ఇంజన్ నడుస్తుండగా హై సైడ్ నాబ్ తిప్పితే కంప్రెసర్ ప్రెషర్ అంతా డబ్బాలోకి వెనక్కొచ్చి డబ్బా చేతిలో పేలుద్ది, ఈ పని మొత్తంలో మనిషి ప్రాణం మీదకొచ్చే చోటు ఇదే, అందుకే నేను ఆ నాబ్ మీద టేపు చుట్టేస్తా. డబ్బా నిలువుగానే ఉంచండి, తలకిందులు చేస్తే ద్రవం వెళ్ళి కంప్రెసర్ లోపల విరగ్గొడుద్ది. డబ్బా చల్లబడి మంచు పట్టి గ్యాస్ రావడం ఆగితే గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టండి, తూకం చూసేటప్పుడు తుడిచి చూడండి, మంట దగ్గరికి తీసుకెళ్ళొద్దు. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లగా వస్తుందనుకోవడం తప్పు, ఎక్కువైతే కండెన్సర్‌లో చోటు చాలక కూలింగ్ తగ్గుద్ది, హై సైడ్ ప్రెషర్ పెరిగిపోద్ది.

లీక్ దానంతటదే మూసుకుపోద్దని అమ్మే సీలెంట్ డబ్బాలు కొనకండి. లోపల గాలి, తేమ తగిలిన చోటల్లా గడ్డకట్టి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసేస్తుంది, తర్వాత ఏ షాపులోనూ తమ మెషిన్ పాడవుద్దని మీ బండిని ముట్టుకోరు.

అంతా అయ్యాక మూతలు రెండూ బిగించి, పాత డై మరకలు, జిడ్డు మొత్తం తుడిచేయండి, లేకపోతే తర్వాత చూసినప్పుడు పాత మరకో కొత్త మరకో తెలియదు. నీడలో బండి పెట్టి, లోపలి గాలే తిరిగేలా బటన్ నొక్కి, ఇంజన్ 1,500 ఆర్‌పీఎం మీద పది నిమిషాలుంచి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ గుచ్చండి. బయట 35 ఉన్నప్పుడు 8 నుంచి 12 డిగ్రీల మధ్య వస్తే బాగున్నట్టు. ఆ అంకె, ఆ రోజు బయట వేడి, తారీఖు స్టిక్కర్ పక్కనే చిన్న కాగితం మీద రాసి అంటించండి, నెల తర్వాత ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి అదే టైమ్‌కి మళ్ళీ కొలవండి. నా బానెట్ కింద ఆ కాగితం మీద ఇప్పటికి ఐదు తారీఖులున్నాయి, మొదటిది 9 డిగ్రీలు, మొన్న ఉగాది వెళ్ళాక చూసింది 9 డిగ్రీలే.